మామయ్య అరచేయి విన్న రాగి

ఆదివారం, రాత్రి

నీలగిరి తైలం తీయడానికి మామయ్య సొంతంగా చేసుకున్న రాగి కాగును ఈరోజు ఇద్దరం కడిగాం. చింతపండు, ఉప్పు పెట్టి రుద్దితే పచ్చటి కిలుం వదిలింది. ఆవిరి పోకుండా మూత అతుకు చుట్టూ మెత్తి, ఎండిపోయిన రాగుల పిండి ముద్దను నేనే గీకి తీశాను.

తర్వాత ఆయన ఒక చేత్తో చెంచా పట్టుకుని కాగును తడుతూ, రెండో అరచేయి దానికి ఆనించారు. బంగారు గనిలో పనిచేసే రోజుల్లో పైకప్పు రాయిని కూడా ఇలాగే కడ్డీతో తట్టి, ఎక్కడ వదులైందో చెప్పేవారట. డ్రిల్లింగ్ మోతకు చెవులు పోయాక, అరచేతితోనే వినడం అలవాటు చేసుకున్నారు.

అడుగున ఒకచోట ఆ చెయ్యి ఆగింది.

"ఈడ పల్చబడి ఉండాది. ఇటికపొడితో రుద్దినావా అమ్మా?"

పోయిన నెల దేవుడి చెంబులతో పాటు దీన్నీ మెరిపించాలని రుద్దింది నేనే. చిల్లు పడితే తైలం నిప్పుల్లోకే కారుతుంది. తల ఊపాను.

ఆయన నా అరచేతిని అక్కడే ఆనించి తట్టారు.

"తెలస్తా ఉండాదా? ఇంగ నువ్వే చూసుకోవాల."

నాకేమీ తెలియలేదు. అయినా తెలిసినట్టు తల ఊపాను.

ఆయన నా ముఖం వంక చూడనేలేదు. నా చెయ్యి వదలకుండా, మళ్ళీ మొదటి నుంచి తట్టడం మొదలుపెట్టారు.