ఫైల్లో లేని ఎత్తు

మార్చి 4, సోమవారం

ఆ గోడ మళ్లీ కూల్చారు. బాలికల హాస్టల్ సైట్‌లో, రెండో అంతస్తు బాత్‌రూమ్ గోడ. ఇది మూడోసారి. పైపు వెళ్లే దారిలో బీమ్ ఉందని మా డ్రాయింగ్ చెప్పలేదు. ఎలా చెబుతుంది? ప్లాన్ ఒక ఫైల్, బీమ్‌లు ఇంకో ఫైల్, పైపులు మరో ఫైల్. ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. కూలుస్తుంటే కూలికొచ్చిన ఒకావిడకు రెండు వేళ్లు నలిగాయి. కట్టు కట్టించుకొచ్చి మళ్లీ ఇటుకలు మోసింది.

కూల్చి కట్టే ప్రతి గోడా కష్టజీవి దగ్గర దొంగిలించిన ఒక రోజు అని నా దగ్గరున్న కార్మిక సంఘం కరపత్రంలో ఉంది. దొంగలం మేమే. ఫ్యాన్ కింద కూర్చుని గీతలు గీసే ఐదుగురం.

త్రీడీ మోడల్ సాఫ్ట్‌వేర్‌లో అయితే గోడ, బీమ్, పైపు అన్నీ ఒకే భవనంగా ఉంటాయి. ఒకదాన్నొకటి గుద్దుకుంటే అక్కడ ఎర్రగా వెలుగుతుంది. వేలు నలగకముందే, స్క్రీన్ మీదే. దాన్ని మా ఆఫీసుకు తెప్పించకపోతే నా పేరు మార్చుకుంటాను.

మార్చి 6, బుధవారం

పెద్దసారుతో మాట్లాడాను. మాట్లాడాను అనడం తప్పు, అరిచాను. ఆయన ఆర్కిటెక్టు, ఆఫీసు ఆయనది, అరుపులకు అదరడు. చేరి ఏడాది కాలేదు, అప్పుడే మమ్మల్ని ఉద్ధరించడానికి బయల్దేరావా తల్లీ అన్నాడు. ఈ పాత సాఫ్ట్‌వేర్‌తోనే నలభై భవనాలు లేపాం, ఒక్కటీ పడలేదు అన్నాడు. పడకపోవడం కూడా ఒక గొప్పేనా అన్నాను.

పక్క టేబుల్ దగ్గర బాబాయి దగ్గాడు. అంటే, ఇక నోరు మూసుకుని కూర్చో అని.

ఆఫీసులో అందరికంటే పాత డ్రాఫ్ట్స్‌మన్ మా బాబాయే. నన్ను తొమ్మిదో ఏట నుంచి పెంచిందీ ఆయనే, ఇక్కడ పెట్టించిందీ ఆయనే. చెవి మీద ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిల్ ఉంటుంది. ఆఫీసులో అందరూ పిలిచేదీ ఎర్ర పెన్సిల్ అనే. ఇంటికొస్తుంటే చెప్పాడు, పొద్దున్నే పెద్దసారుకు ఎదుటివాడి మాట ఎక్కదట, అడిగేదేదో భోజనం చేశాక అడగాలట. ఉద్యమానికి భోజనం వేళలేమిటి?

మార్చి 11, సోమవారం

బాబాయి నన్ను బడిపిల్ల కింద జమకట్టాడు. స్క్రీన్ మీద ఆ అంకె చదువు, ఈ అంకె చదువు. ఇవాళ పదిహేను సార్లయినా పిలిచి ఉంటాడు. నేర్చుకుంటావని అడుగుతున్నానే అంటాడు. నాకు అంకెలు వచ్చు బాబాయ్ అని గట్టిగానే అన్నాను. అందరూ తలెత్తి చూశారు.

మార్చి 16, శనివారం

ప్రతి శనివారం బాబాయి డ్రాయింగ్ ప్రింట్ చుట్టి చంకలో పెట్టుకుని సైట్‌కు పోతాడు. ఇవాళ నన్నూ లాక్కుపోయాడు. చేతిలో కొత్త కరపత్రం ఉంది, నిలబడి చదువుకుంటున్నాను. ఇలా రా అన్నాడు. ఇంకాస్త ఇటు, నిటారుగా నిలబడు అన్నాడు. ఉన్నట్టుండి నా నెత్తి మీద అరచెయ్యి పెట్టాడు. దాని మీద పిడికిలి పెట్టాడు. మేస్త్రి నవ్వి, ఏం సార్, అమ్మాయిగారికి సంబంధం గానీ చూస్తున్నారా, ఈ పొడుగుకు పెళ్లికొడుకును నిచ్చెనతో సహా తేవాలి అన్నాడు. కూలీలంతా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఎక్కడ నిలబెట్టాడో, పైన ఏముందో కూడా చూడలేదు. ఆయన ప్రింట్ మీద ఏదో రాసుకున్నాడు. నేను గేటు దాటి వచ్చేశాను.

ఇరవై మూడేళ్లొచ్చినా నేను ఆయనకు నెత్తి నిమరాల్సిన పిల్లనే.

మార్చి 27, బుధవారం, మధ్యాహ్నం 2:10

భోజనం అయ్యాక అడిగాను. పెద్దసారు ఒప్పుకున్నాడు! హాస్టల్‌ను మోడల్ చేసి చూపించు, అరగంట ఇస్తాను అన్నాడు.

బాబాయి తన ఫైళ్లన్నీ తనే నా కంప్యూటర్‌లో వేశాడు. కావాల్సింది తీసుకో అన్నాడు.

ఏప్రిల్ 11, గురువారం

గెలిచాను.

ముందు పద్ధతిగా రాయాలి. నలభై ఒక్క చోట్ల ఎర్రగా వెలిగింది. బాత్‌రూమ్ గోడ చూపించాను, పైపు చూపించాను. స్ట్రక్చర్ చూసే ఇంజనీరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. చివరికి కింది అంతస్తు మెట్లు తిప్పాను. మెట్ల కింద నుంచి భోజనాల గదికి దారి. దాని పైన, మెట్లు మలుపు తిరిగే ల్యాండింగ్‌ను మోసే బీమ్. నేలకూ బీమ్‌కూ మధ్య ఐదడుగుల నాలుగంగుళాలు.

ఆవేశం వచ్చింది. రెండొందల మంది ఆడపిల్లలు మూడు పూటలా తల పగలగొట్టుకుని అన్నానికి వెళ్లాలా అన్నాను. ఎవరో నసిగారు, అలాంటివి సైట్‌లో సర్దుకుంటారులే అని. సర్దుకోవడం వల్లే వేళ్లు నలుగుతున్నాయి, ఫైల్లో లేనిది భవనంలో లేనట్టే అన్నాను.

పెద్దసారు కళ్లజోడు తీసి, ఈ మెట్లు ఎవరు గీశారు అన్నాడు.

బాబాయి లేచి నిలబడ్డాడు. నేనే సార్ అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని అందరం చూశాం. కూర్చున్నాడు.

ఏప్రిల్ 12, శుక్రవారం

కొత్త సాఫ్ట్‌వేర్‌కు నాలుగు లైసెన్సులు తెప్పిస్తున్నారట, మనిషికొకటి. మేం ఐదుగురం.

ఏప్రిల్ 30, మంగళవారం

ఇవాళ బాబాయికి ఆఖరి రోజు. ఇక విశ్రాంతి తీసుకోండి అన్నాడట పెద్దసారు. మంచిగానే అన్నాడట. బాబాయి సొరుగు ఖాళీ చేసి, ఇత్తడి స్కేలు నా టేబుల్ మీద పెట్టాడు. చెవి మీది పెన్సిల్ చెవి మీదే ఉంది. నా లైసెన్సు నాకొద్దు అని పెద్దసారు గదిలోకి పోబోయాను. బాబాయి మోచెయ్యి పట్టుకుని ఆపాడు. నువ్వు అడిగింది న్యాయమే, న్యాయం అడిగి వెనక్కి తీసుకుంటారటే అన్నాడు.

పిన్నితో మాత్రం తనే మానేశానని చెప్పాడు. మోకాళ్ల నొప్పులట.

మే 13, సోమవారం

ఈ నెల సైట్‌లో ఒక్క గోడా కూల్చలేదు. ఇది నిజం, రాసుకోవాలి.

మే 25, శనివారం

బాబాయి సైట్‌కు వెళ్లే రోజు కదా, ఇవాళ నేను వెళ్లాను. కొత్త డ్రాయింగ్‌లు ఇచ్చి, మెట్ల దగ్గర బీమ్ పగలగొట్టాలి కదా, ఎన్ని రోజులు పడుతుంది అన్నాను. మేస్త్రి నా మొహం చూశాడు. ఏం పగలగొట్టాలి అమ్మాయిగారూ అన్నాడు. చెయ్యి పట్టుకున్నంత పనిచేసి మెట్ల కిందికి తీసుకుపోయాడు. నిలబడ్డాను. బీమ్ నా తలకు జానెడు పైన ఉంది.

మేస్త్రి సిమెంటు బస్తాల వెనక దాచిన బాబాయి ప్రింట్‌ను తెచ్చి పరిచాడు. నిండా ఎర్ర పెన్సిల్. నలభై ఒకటీ కాదు గానీ ముప్పైకి పైనే ఉన్నాయి. మెట్ల దగ్గర లావు అక్షరాలు, ఒక్కో అక్షరం బొటనవేలంత: ల్యాండింగ్ రెండు మెట్లు పైకి. అమ్మాయిని నిలబెట్టి చూశాను. చాలు.

కింద తారీఖు. మార్చి 16.

ఈ మెట్లు ఆఖర్న పోసినవే, కాంక్రీటు పోయకముందే మీ బాబాయిగారు మార్పించేశారు కదమ్మా, ఆ రోజు మీరూ ఉన్నారుగా అన్నాడు మేస్త్రి.

అదే రోజు, సాయంత్రం

వంటింట్లో పిన్నిని నిలదీశాను. సరిచేశానని ఆ రోజు అందరి ముందూ ఒక్క మాట ఎందుకు అనలేదు? పిన్ని తోముతున్న గిన్నె బోర్లించింది. ఆ మాట అంటే, మరి ఫైల్లో ఎందుకు ఎక్కించలేదని అడుగుతారు కదే అంది. ఆయన చూపు మధ్యలో మచ్చ పడి ఏడాది దాటిందట. అంచుల్లోంచి ఆనుతుందట, ఎదురుగా ఉన్నది ఆనదట. కాగితం మీద ఎర్రగా లావుగా రాస్తే కాస్త నయం. స్క్రీన్ మీద గీతలు పోయాయి. టేపు మీద అంకెలు పోయాయి. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడే అంది. తెలిస్తే దాని కోపం ఆరిపోతుంది, అది మొదలుపెట్టిన పని మధ్యలో ఆగిపోతుంది అన్నాడట.

పదిహేను సార్లు. నాకు అంకెలు వచ్చు బాబాయ్ అన్నాను.

మే 27, సోమవారం

ప్రింట్ పట్టుకెళ్లి పెద్దసారు టేబుల్ మీద పరిచాను. భోజనం అయ్యేదాకా ఆగలేదు. ఆయన ఒక్కో ఎర్ర గీతా వేలితో తడుముతూ చూశాడు. చెయ్యి తిరిగిన మనిషి అన్నాడు. తర్వాత ప్రింట్ చుట్టి నాకిచ్చి, కానీ ఆ రోజు నువ్వన్నది సబబే కదమ్మా, ఫైల్లో లేనిది అని మొదలుపెట్టాడు. సార్, వద్దు అన్నాను.

నా ఆ మాటకు జవాబు వెతికాను. కట్టలోని కరపత్రాలన్నీ తిరగేశాను. జవాబు మిగలకుండా నేనే మాట్లాడాను.

ఎర్ర దిద్దుబాట్లన్నీ ఒక్కొక్కటే మోడల్‌లో ఎక్కిస్తున్నాను. ఇవాళ తొమ్మిది.

జూన్ 2, ఆదివారం

గుమ్మంలో బాబాయి ఎదురొచ్చాడు. నేను మాట్లాడలేదు. ఎవరూ అని మొహం పక్కకు తిప్పి చూశాడు. ఆనలేదు. చెయ్యెత్తి నా నెత్తి మీద అరచెయ్యి పెట్టాడు. దాని మీద పిడికిలి.

నువ్వటే అన్నాడు.