ఆపేక్ష తగ్గించమన్నావు

సిరొంచ,
11 ఫిబ్రవరి 2025

మా దీపశ్రీకి, అమ్మ రాసేది.

ఇది ఇరవై మూడో ఉత్తరం. ఎప్పటిలాగే రూళ్ల కాగితం మీద రాసి, ఫొటోలు తీసి నీ ఫోనుకు పంపుతున్నాను. అసలు కాగితాలు ఫైలులో పెడుతున్నాను. పేజీల మూలన అంకెలు వేశాను, వరసగా చదువుకో.

ఆదివారం ఫోన్లో నువ్వన్న మాట రెండు రోజులుగా నాకు మింగుడు పడడం లేదు. "తిన్నవా?" అని అడిగాను. "తిన్న" అన్నావు. "ఏం తిన్నవ్?" అంటే "వాన పడుతంది" అన్నావు. వెనక వాన చప్పుడు నాకూ వినిపించింది. బటూమిలో సముద్రం ఎంత దగ్గరో వాన అంత దగ్గర అని పోయిన ఏడు నువ్వే చెప్పావు. ఏదో ఒకటి మాట్లాడాలని, "ఇంట్ల అందరికి ఎప్పుడు నీ ముచ్చటే" అన్నాను. అప్పుడన్నావు.

"అమ్మా, నామీద గింత అపేక్ష పెట్టుకోకే. జర తగ్గించు."

సరిగా వినపడలేదేమో అనుకున్నాను. "ఏంది తగ్గించేది?"

"అపేక్షనే. ప్రతి ఉత్తరంల గదే రాస్తవు. చదువంగనే పానం గుంజినట్టయితది. నాతోని మోసుడు అయితలేదు."

"కన్నోళ్లకు ఆపేక్ష లేకుంట ఎట్లుంటదే?"

"ఉంటది, నాకెరికే. గని తక్కువ పెట్టుకుంటే ఏం పోతది?"

ఫోన్ పెట్టేశాను. సిగ్నల్ పోయిందని తర్వాత మెసేజ్ పెట్టాను కదా, అది అబద్ధం.

బియ్యమైతే సోలెడు తగ్గించి పొయ్యగలను. దీన్ని ఎట్లా తగ్గించాలో నాకు తెలియదు. అల్లపల్లి మీదుగా గుంతల రోడ్డులో నాగపూర్ దాకా నిన్ను దింపి వచ్చిన రోజు నుంచి పొద్దున లేవగానే ముందు నీ దగ్గర ఎన్ని గంటలయిందో లెక్కేసుకుంటాను. గంటన్నర తీసేయాలి. అది కూడా బరువేనా? డాక్టరు చదువుకని పరాయి దేశంలో సముద్రం ఒడ్డున పదహారు నెలలుంటే మనిషికి ఇల్లు ఇంత చేదవుతుందా? ఇవి అడగకూడదనుకున్నాను. చేయి ఆగలేదు. నీ గదిలో ఉండే అహేరి అమ్మాయి తమన్నా కూడా వాళ్లమ్మతో ఇట్లాగే మాట్లాడుతుందా?

నేను అలసిపోయాను దీపా. మీ నాయనమ్మ మోకాళ్ల నొప్పితో రోజంతా పిలుస్తూనే ఉంటుంది. మీ బాపు బట్టల దుకాణం నుంచి వచ్చి మాట్లాడకుండా తిని పడుకుంటాడు. మనసు విప్పి నేను మాట్లాడేది ఈ కాగితాల మీదే. అదీ వద్దంటే, ఇక మీదట అవసరమైన సంగతులే రాస్తాను.

చివర ఎప్పుడూ రాసే 'ఆపేక్షతో' అనే మాట రాయడం లేదు. నువ్వు అడిగావు కాబట్టి.

అమ్మ,
వనమాల


సిరొంచ,
17 ఫిబ్రవరి 2025

నా దీపా, నా తల్లీ,

చేతిలో పని ఉంటే పక్కన పెట్టి ఇది చదువు. నిన్న పొద్దుటి దాకా నీమీద అలిగే ఉన్నాను. ఆ అలక ఎట్లా పోయిందో చెప్పాలి.

మన ముందు గదిలోకి దసరా తర్వాత ఒక టీచరమ్మ అద్దెకు వచ్చిందని రాశాను కదా, ప్రశాంతి. అంకిస అమ్మాయి. ఇక్కడ మరాఠీ బడిలో చెబుతుంది. నిన్న ఒక చార్టు పట్టుకొని వచ్చింది. "వనమాలక్కా, నీ చేతిరాత గీత గీసినట్టుంటది. రేపు బడిల తల్లిదండ్రుల మీటింగు. జర గిది రాసియ్యవా" అంది. తను కాగితం మీద రాసుకొచ్చిన మరాఠీ అక్షరాలు చూసి చార్టు మీదికి దింపుకుంటూ పోయాను. మూడో వరస దగ్గర ఆగాను. 'పాలకాంచ్యా అపేక్షా' అని ఉంది. పాలకులంటే తల్లిదండ్రులని నాకు తెలుసు.

"ఏంది ప్రశాంతీ, బడి మీద తల్లిదండ్రులకు ఆపేక్షనా? పొద్దుగాల పిల్లల్ని తోలి, పీడ వాయె అనుకుంటరు" అన్నాను.

ఆమె పడిపడి నవ్వింది. "గా ఆపేక్ష గాదక్కా. మరాఠీల అపేక్షా అంటె ప్రేమ గాదు. మా పిల్లకు గిన్ని మార్కులు రావాలె, గిట్ల గావాలె, గట్ల గావాలె అని ఆశ పెట్టుకొని ఎదురు జూసుడు. నువ్వు చెన్నూరుదానివి, నీ తెలుగుల వేరే ఉన్నట్టుంది."

స్కెచ్ పెన్ను చార్టు మీదే ఆనించి ఉంచాను. రంగు పాకి రూపాయి బిళ్లంత మరక అయింది. ఇంకో చార్టు తెప్పించి మళ్లీ రాసిచ్చాను.

చెన్నూరు నుంచి కోడలిగా వచ్చి, సరిహద్దుకు ఇవతల ఇరవై మూడేళ్ల నుంచి ఈ మరాఠీ మధ్యనే ఉన్నాను. బ్యాంకు మాటలు వస్తాయి, దవాఖాన మాటలు వస్తాయి. ఈ మాటతో నాకు ఎప్పుడూ పని పడలేదు. నువ్వేమో ఒకటి నుంచి పన్నెండు దాకా మరాఠీలోనే చదివావు. తెలుగు అక్షరాలు రెండు వేసవి సెలవుల్లో వంటింటి బండల మీద సుద్దముక్కతో నేనే దిద్దించాను. అక్షరాలు వస్తే మాటలు వాటంతట అవే వస్తాయనుకున్నాను. ఆ ఆదివారం ఫోన్లో నువ్వు దీర్ఘం తీసేసి 'అపేక్ష' అంటుంటే కూడా నాకు తట్టలేదు.

ఫైలు తీసి ఇరవై మూడు ఉత్తరాలూ ముందేసుకున్నాను. ఎర్ర పెన్నుతో ఆ మాట కింద గీత గీసుకుంటూ పోయాను. ముప్పై ఒక్క చోట్ల ఉంది. ప్రశాంతి చెప్పిన అర్థంతో మళ్లీ చదివాను.

నాగపూర్‌లో నీ సంచిలో పెట్టిన మొదటి ఉత్తరం నకలులో ఇట్లా ఉంది: "మా అందరి ఆపేక్ష నీ వెంటే వస్తుంది. ఎక్కడికి పోయినా నిన్ను వదలదు." ఏడో ఉత్తరంలో: "బాపుకు నాకంటే ఎక్కువ ఆపేక్ష. పైకి చెప్పడు, లోపల దాచుకుంటాడు." నీకు జ్వరం వచ్చినప్పుడు రాసిన పద్నాలుగో ఉత్తరం చదివి అక్కడే కూర్చుండిపోయాను. "నీకు ఒంట్లో బాగాలేదని తెలిసినప్పటి నుంచి నీమీద ఆపేక్ష ఇంకా పెరిగింది." జ్వరంతో పడుకున్న పిల్లకు ఏ తల్లయినా ఇట్లా రాస్తుందా? నువ్వు చదివావు. చదివి, "సరే అమ్మా" అని జవాబు కూడా పెట్టావు.

తెలుగులో ఆపేక్ష అంటే నిన్ను చూడాలనిపించడం. అంతే. దానికి నువ్వు ఏమీ చెయ్యక్కర్లేదు. పాసైనా, కాకపోయినా అది ఉంటుంది.

ఇక్కడితో ఆపేస్తే తప్పంతా ఆ మాట మీదికి పోతుంది. నిన్నటి నుంచి ఒకటి ఆలోచిస్తున్నాను. నువ్వు తప్పు చదివావు, కాని నా మనసులో లేనిది చదవలేదు. పన్నెండో తరగతి అయ్యాక చంద్రపూర్‌లో బీఎస్సీ చేరుతానన్నావు. ఆ వేసవిలో మూడు రోజులు నేను తినలేదు. కడుపునొప్పి అని చెప్పాను. కడుపునొప్పి ఏమీ లేదు. నాలుగో రోజు నువ్వే ఆ విదేశీ మెడికల్ కాలేజీ ఫారం తెచ్చి నా ముందు పెట్టి, "ఇగ తిను" అన్నావు. నేను లేచి తిన్నాను. ఆ మూడు రోజుల సంగతి మనిద్దరం ఇంతవరకు మాట్లాడుకోలేదు. డాక్టరు తల్లి అనిపించుకోవాలని నాకు ఉండింది. నా ఈడు ఆడవాళ్లు ఈ బజారులో ఒకరి భార్యగానో, ఒకరి కోడలుగానో ఉంటారు. నాకు ఇంకొక పేరు కావాలనిపించింది. అది నీతో తెప్పించుకుందామనుకున్నాను.

ఇది ఎవరికీ చెప్పలేదు. మీ బాపుకు కూడా.

ఇప్పుడు అక్కడ అసలు ఏం జరుగుతోందో నువ్వు చెప్పు. ఎట్లా ఉన్నా సరే, చెప్పు.

నీకు ఏ షరతూ పెట్టని,
అమ్మ


సిరొంచ,
8 మార్చి 2025

బంగారు దీపకు,

ఉత్తరం ఆలస్యమైంది. పోయిన ఉత్తరం అందిన సాయంత్రమే నువ్వు ఫోన్ చేసి గంటా పది నిమిషాలు మాట్లాడినప్పటి నుంచి చాలాసార్లు పెన్ను పట్టుకొని పెట్టేశాను.

అనాటమీ, బయోకెమిస్ట్రీ పరీక్షలు రాసిన రెండుసార్లూ పోయాయని, ఈ ఏడు మళ్లీ చదవాలని చెప్పావు. దానికి నేను అంతగా కదిలిపోలేదు. అయిదు వారాలు రోజూ పొద్దున పుస్తకాల సంచి వేసుకొని, తమన్నా చూస్తుండగానే గదిలోంచి బయటపడి, క్లాసుకు పోకుండా సముద్రం ఒడ్డున గులకరాళ్ల మీద గొడుగు కింద కూర్చున్నానన్నావే, దానికి కదిలిపోయాను. "మధ్యాహ్నం దాక ఏం చేసినవే?" అంటే, "పడవలు లెక్కపెట్టిన. లేని రోజు ఊకె కూసున్న" అన్నావు. నాకు ఈ ఊళ్లో నది ఒడ్డు తెలుసు. అక్కడ కూర్చుంటే అవతలి గట్టు కనబడుతుంది. నీకు అవతలి గట్టు కూడా లేదు కదా అనుకున్నాను.

మీ బాపుకు మర్నాడు చెప్పాను, అన్నం పెట్టి. ముద్ద చేతిలోనే ఉంది. "ఎన్ని దినాలాయె?" అన్నాడు. చెప్పాను. "మరి నాకు చెప్పద్దా?" అన్నాడు.

"మీకు చెప్పాలంటే భయమంట."

"నేనేమన్న?"

"ఏమనలే. గదే భయమంట."

ముద్ద తిన్నాడు. చేయి కడుక్కొని వచ్చి, "రమ్మను. చంద్రపూర్‌ల చదువుకుంటదో, దుకాణంల కూసుంటదో దాని ఇష్టం. ఇంటికైతే రమ్మను" అన్నాడు. అది అట్లాగే నీకు మెసేజ్ పెట్టాను. తర్వాత నీ గది తలుపులు తీసి, అందులో పేర్చిన చీరల మూటలు గోదాములోకి చేర్పించాను. పరుపు ఎండలో వేశాను. నువ్వు ఏ రోజు బయలుదేరితే ఏ రోజుకు ఇల్లు చేరతావో రాసి గోడకు అంటించాను.

పదహారు రోజులు నువ్వు ఏమీ తేల్చలేదు. మొన్న ఫోన్ చేసి, "అమ్మా, నేను రాను" అన్నావు.

"రమ్మంటే రానంటవేందే?"

"గదే తెలుస్తలేదమ్మా. మీరు రమ్మననన్ని దినాలు ఎప్పుడు పారిపోదునా అని ఉండె. రమ్మన్నంక ఉండబుద్ధయితంది. సోమవారం క్లాసుకు పోయిన. కొత్త పిల్లలందరు నాకంటె చిన్నోళ్లు. దీదీ, దీదీ అంటుండ్రు. ఈసారి పోతె పోతది. పోయిననాడు ఇంటికొస్త. గప్పటిదాక చూస్త."

"ఎవరి కోసం చూస్తవు?"

"నాకు ఎముకల పేర్లు మంచిగనే గుర్తుంటయమ్మా. నరాలు గుర్తుండయి. గంతే" అన్నావు.

నేను ఈ ఉత్తరాల్లో నిజమే రాస్తున్నాను కాబట్టి ఇది కూడా రాస్తాను. నాకు సంతోషం కలగలేదు. నువ్వు వస్తున్నావని నేను నమ్మేశాను. ఇంట్లో ఇంకొక గొంతు ఉంటుందనుకున్నాను. నువ్వు డాక్టరైతే చాలని పంపిన మనిషినే, ఇప్పుడు నువ్వు డాక్టరు కాకపోయినా ఇంట్లో ఉంటే చాలనుకున్నాను. రెండూ నాకు కావలసినవే. నీకు ఏం కావాలో నువ్వు మొన్న మొదటిసారి చెప్పావు, అదీ గట్టిగా చెప్పలేదు. చీరల మూటలు మాత్రం మళ్లీ ఆ గదిలోకి తేనివ్వను.

మీ నాయనమ్మకు నిన్న చెప్పాను. ఇరుగుపొరుగు చెప్పేలోగా నేనే చెప్పడం మంచిదనిపించింది. మోకాళ్లకు నూనె రాస్తూ చెప్పాను. "పిల్ల రెండు సబ్జెక్టులు తప్పింది" అంటే, "మీ ఆయన ఏడో తరగతి మూడేండ్లు చదివిండు. మాస్తర్లు మారిండ్రు గని వాడు మారలే" అంది. ఇరవై మూడేళ్లలో ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. బాపును అడగకు, నేను అడిగి ఊరుకున్నాను.

ఈ రోజు మాత్రల కోసం వినోద్ మెడికల్ దుకాణానికి పోయాను. అతని సంగతి నీకు తెలుసు, నన్ను చూడగానే పరాచికం మొదలు. "డాక్టరమ్మ ఎన్నడొస్తది వదినా? దవాఖాన పెట్టుకుంటదని నా దుకాణం పక్క మడిగె ఖాళీ పెట్టిన. ఇంక నాలుగేండ్లే గద?" అన్నాడు. అక్కడ ఇంకో ముగ్గురున్నారు. ఇద్దరు మనకు తెలిసినవాళ్లు.

"అయిదేండ్లు" అన్నాను.

"మొన్న నాలుగంటిరి?"

"మొన్న నాకు తెల్వదు. ఈ ఏడు తప్పింది. మళ్ల రెండో సంవత్సరమే చదువుతంది. అయితదో కాదో కూడ తెల్వదు. మడిగె ఎవరికన్న కిరాయికిచ్చుకో."

వినోద్ మాత్రలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అక్కడున్నవాళ్లలో ఒకామె "అయ్యో" అంది. నేను మాత్రలు తీసుకొని బయటికి వచ్చాను. ఎండ బాగా ఉంది. అయినా పక్క సందులోంచి రాలేదు, బజారు మధ్యలోంచే నడిచి వచ్చాను.

నీ అమ్మ,
వనమాల