మిలిటరీ రైలు ఆగిన పూట

మామా, నువ్వు బర్మా యుద్ధానికి పోయి మూడేళ్లయింది. ఏడాదిగా నీ జాబు లేదు. ఈ ఉత్తరం ఎక్కడికి పంపాలో కూడా తెలియదు.

ఈ మధ్యాహ్నం నువ్వింకా చూడని చిన్నోడికి అన్నం పెడుతుండగా మన పాప కనబడలేదు. వాణ్ని చంకనేసుకుని ధర్మవరమంతా వెతికితే చివరికి స్టేషన్లో దొరికింది. ఆగి ఉన్న మిలిటరీ రైలు పక్కన నిలబడి, "మా నాయన ఈడ ఉండాడా?" అని ఒక్కో సిపాయినీ అడుగుతోంది. తెలుగు రాని వాళ్లు ఊరికే నవ్వుతున్నారు.

భయంతో ఒక దెబ్బ వేశాను. "ఇంటికి పోదాం పా" అని చెయ్యి పట్టి లాగాను.

"ఇంకా రెండు డబ్బాలు చూడలేదమ్మా" అని ఏడ్చింది.

ఇంజను కూత వేసింది. పిల్లలిద్దరితో ఆ డబ్బాల వైపు పరుగెత్తాను.

వాటిలోనూ నువ్వు లేవు, మామా.