నిలబడే ఉద్యోగం

జూన్ 3

ఫెయిలయ్యాను. పందొమ్మిదేళ్లు కండక్టర్‌గా, పరిగెత్తే బస్సులో రాడ్డు పట్టుకోకుండా టికెట్లు కొట్టినదాన్ని. కదలని గదిలో, మళ్లీ డ్యూటీకి పనికొస్తానో లేదో చూసే టెస్టులో ఫెయిలయ్యాను. అసలు నేను పడింది బస్సులో కూడా కాదు, మా ఇంటి బాత్‌రూమ్‌లో. ఎడమ మోకాలికి ఆపరేషన్ జరిగి నాలుగు నెలలు.

పాదాలు రెండూ కలిపి, కళ్లు మూసుకుని ముప్పై సెకన్లు నిలబడమంది ఫిజియో అమ్మాయి. నిలబడ్డాను. ఒక పాదం మడమకు ఇంకో పాదం వేళ్లు తగిలేలా గీత మీద నడవమంది. నడిచాను. ఎడమకాలి మీద ఒంటికాలితో పది సెకన్లు నిలవాలట. నాలుగుకే రెండోకాలు దించేశాను. సరే, అది నా తప్పే.

చివరిది మాత్రం అన్యాయం. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి వచ్చి కూర్చోవాలి. పద్దెనిమిది సెకన్లు పట్టిందట. పన్నెండు దాటితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టట. చకచకా నడిచానే! ఆ స్టాప్‌వాచ్‌కి మతి పోయినట్టుంది.

జూన్ 4

డిపో మేనేజర్ కాగితం పంపాడు. ఎంక్వైరీ కిటికీ వెనక కుర్చీ ఉద్యోగం. అదృష్టవంతురాలివమ్మా, దీనికోసం ఎంతమంది కాళ్లరిగేలా తిరుగుతున్నారో అన్నాడు ఫోన్‌లో. మా ఆయన కూడా సంతకం పడేసి హాయిగా కూర్చోమన్నాడు.

కిటికీలోంచి నా బస్సు వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చోవాలా? నావల్ల కాదు. సంతకం పెట్టలేదు. మళ్లీ టెస్టు పెట్టమన్నాను. పదిహేడో తారీఖు ఇచ్చారు. ఆ రోజూ తప్పితే ఇక కుర్చీయే.

జూన్ 9

పళ్లు తోముకోవడం ఎడమకాలి మీదే. ఆరు సెకన్లు. నురగంతా అద్దం మీద.

జూన్ 12

హాల్లో మూడు మీటర్లు కొలిచి సుద్దగీత గీశాను. ఫోన్ అత్తయ్య చేతికిచ్చి టైము చూడమన్నాను. లేచాను, వెళ్లాను, తిరిగొచ్చాను. ఎంతైందంటే చెప్పదు. ఇంకా అవలేదుగా అంది. ఆ కుర్చీకి కాపలా ఏమిటే, ఎవరొచ్చి కూర్చోవాలనీ, అని అడిగింది.

అప్పుడు చూసుకున్నాను. కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, పక్కన నిలబడి ఉన్నాను. బస్సులో సీటు ఖాళీ అయితే నేను చేసేది అదే. ముసలివాళ్లో, చంటిపిల్లల తల్లులో ఉన్నారేమోనని నాలుగువైపులా చూస్తాను. ఆ రోజు ఆ గదిలో కూడా అదే వెలగబెట్టాను! ఫిజియో అమ్మాయికి ఫోన్ చేస్తే, అవునండీ, కూర్చుంటేనే వాచీ ఆపాలి, మధ్యలో గుర్తు చేయకూడదు అంది. సిగ్గేసింది. వెంటనే పిచ్చి కోపం వచ్చింది.

అత్తయ్య చేతికర్ర టకటకలాడిస్తూ తనూ ఓసారి లేచి నడిచొచ్చింది. పదహారు. నీకంటే నేనే నయం అని పొద్దుపోయేదాకా దెప్పింది.

జూన్ 17, ఉదయం 11

ఒంటికాలి మీద పన్నెండు. లేచి, నడిచి, వచ్చి కూర్చోవడం తొమ్మిది. ఎంత గట్టిగా కూర్చున్నానంటే కుర్చీ కిర్రుమంది. ఫిజియో అమ్మాయి నమ్మలేక ఇంకోసారి చేయమంది. మళ్లీ తొమ్మిదే.

అటునుంచి అటే డిపోకి వెళ్లి, మేనేజర్ కాగితం సంతకం లేకుండా టేబుల్ మీద పెట్టాను. కూర్చోమన్నాడు. నిలబడే మాట్లాడాను.

జూన్ 20, ఉదయం 6:40

మొదటి ట్రిప్. సడన్ బ్రేక్. ముగ్గురు ప్రయాణికులు తూలి వచ్చి, పడకుండా నన్ను పట్టుకున్నారు. నేను ఎవర్నీ పట్టుకోలేదు.