ఊరించి తినడం

నవంబర్ 4, సోమవారం

ఆయన్ని ఆస్పత్రి నుంచి తీసుకొచ్చి పది రోజులయింది. పక్షవాతం కుడిచేతినీ మాటనీ తీసుకుపోయింది. మింగడాన్ని కూడా. ముక్కులోంచి ట్యూబ్ వేశారు. రెండు గంటలకోసారి రెండు వందల మిల్లీలీటర్ల ఫీడ్ పోస్తున్నాను. చార్ట్ రాస్తున్నాను. ఒక్కటీ తప్పలేదు.

కార్తీక సోమవారం, నాకు ఉపవాసం. వంటింటి తలుపు మూసి పోపు పెట్టమని పైడితల్లికి చెప్పాను. ఇంగువ వాసన ఆయన మంచం ఉన్న ముందుగదిలోకి రాకూడదు. "వాసనకేటవుద్దమ్మా" అంది. మా ఇంట్లో పదిహేనేళ్లుగా వంట చేస్తోంది, ఆయన భోజనప్రియుడని తెలుసు. తెలిసే అడుగుతుంది.

నవంబర్ 7, గురువారం

మాడుగుల నుంచి మా తోడికోడలు హల్వా డబ్బా పంపింది. పాపం, ఆయన మింగలేరన్న సంగతి ఇంకా తెలియదు. డబ్బా బీరువాలో పెట్టేలోపే మనవరాలు రోజా ఒక ముక్క లాక్కుంది. తాత మంచం పక్కనే నిలబడి, వేళ్లు నాకుతూ, ఆయనకి చూపించి చూపించి తింది. వీపు మీద ఒక్కటి వేశాను.

దీన్ని ఊరించడం అంటారని చెప్పాను. పెద్దవాళ్లు పని జరిపించుకోవడానికి చేస్తే ప్రలోభపెట్టడం. ఎలక్షన్ల ముందు పేపర్లో వచ్చేది అదే. ఇస్తామని చెప్పి ఇవ్వకపోతే ఆశపెట్టడం. ఎర చేపలకి. అన్నీ చెడ్డ పనులే. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పాను. లంచ్ బెల్ తర్వాత ఊరించి తిన్నవాళ్లని నిలబెట్టేదాన్ని.

రోజా రెండో తరగతి. ఏడుపు ఆపుకుని అడిగింది. "మరి నువ్వు తాతకి అసలేటీ చూపించవు కదా నాన్నమ్మా. దాన్నేటంటారు?"

చదువుకో పో అన్నాను.

నవంబర్ 8, శుక్రవారం

ఆయన పెదవులు పగిలిపోతున్నాయి. గ్లిజరిన్ రాశాను.

నవంబర్ 12, మంగళవారం

విశాఖపట్నం నుంచి, మింగడం మళ్లీ నేర్పే స్వాలో థెరపిస్ట్ వచ్చింది. పేరు రూపాదేవి. మా అశ్విని వయసుంటుంది, అంటే నా కూతురి వయసు. చార్ట్ చూసి మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు ఎక్కువసేపు ఉండలేదు.

పందొమ్మిదిన రివ్యూ. ఆలోపు ఆయన తనంతట తాను మింగకపోతే పొట్టకి రంధ్రం చేసి ట్యూబ్ వేస్తారట. ఈ వయసులో ఆ తర్వాత మళ్లీ నోటితో తినడం కష్టం అంది.

వంటింటి తలుపు ఎందుకు మూశారని అడిగింది. చెప్పాను. నవ్వలేదు.

"తెరిచేయండమ్మా. ఆయన్ని ఊరించండి. నోట్లో మాత్రం ఏమీ పెట్టొద్దు. ఫీడ్‌కి ముందు, ఆకలి మీదున్నప్పుడు, ఎదురుగా కూర్చుని తినండి. నోట్లో నీళ్లూరితే మింగాలని గొంతుకి గుర్తొస్తుంది."

ఎవరు తినాలి అన్నాను.

"మీరే. ఆయన చూపు మీ మీదే ఉంటోంది."

పెళ్లయి నలభై ఆరేళ్లు. ఆయన కంటే ముందు నేను ఒక్క పూటా తినలేదు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు క్రషింగ్ రోజుల్లో నైట్ షిఫ్ట్ చేసి తెల్లారి వచ్చినా సరే. తినమని ఆయన విసుక్కునేవారు. నేను వినలేదు. ఆస్పత్రిలో కూడా ఫీడ్ పోసి, ట్యూబ్‌కి మూత బిగించి, అప్పుడే వరండాలోకి వెళ్లి తిన్నాను. ఫీడ్ కూడా భోజనమే కదా.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పలేదు. సరే అన్నాను.

నవంబర్ 13, బుధవారం

గుత్తివంకాయ కూర గిన్నె ఆయన ముక్కు దగ్గర పట్టుకున్నాను. కళ్లు మూసుకున్నారు.

నవంబర్ 14, గురువారం

ఆవకాయ. మూసుకున్నారు.

పైడితల్లి గుమ్మంలో నిలబడి చూసింది. "అలాగ పరీక్ష పేపరు సూపించినట్టు సూపిత్తే ఎవలికి నోరూరుతాదమ్మా" అంది. కసిరాను. కానీ నిజమే. మాటకి అర్థం చెప్పడం వచ్చు. ఆ పని చేయడం రాదు. నా ముఖం దానికి వంగదు.

నవంబర్ 16, శనివారం

రోజాని పిలిచాను. ఆ రోజు దేనికి కొట్టానో అదే చేయమన్నాను. అనుమానంగా చూసి, మళ్లీ కొట్టనని ఒట్టు వేయించుకుంది.

ఉసిరికాయ, ఉప్పు తెచ్చుకుంది. ఒక కన్ను మూసి, చప్పరించి, "నీకెట్టనుగా తాతా" అంది. ఆయన కళ్లు తెరిచారు. ఇన్ని రోజుల తర్వాత ఆ ముఖంలో మా ఇంటి మనిషి కనిపించాడు. పెదవులు తడిశాయి.

మింగలేదు. అంతా గడ్డం మీదుగా కారిపోయింది. తుడిచాను.

"తాత ఏడుస్తన్నాడేటి?"

అది లాలాజలం అని చెప్పాను. కళ్ల దగ్గర కూడా తుడవడం చూసిందేమో, ఇంక అడగలేదు. మిగిలిన ఉసిరికాయ తినకుండా బయట పారేసింది.

నవంబర్ 17, ఆదివారం

మళ్లీ రోజా. మళ్లీ గడ్డం మీదుగానే. పిల్ల తింటున్నంతసేపూ ఆయన నా వైపు చూశారు.

సాయంత్రం మా అబ్బాయి ఆస్పత్రికి ఫోన్ చేసి, పొట్ట ట్యూబ్‌కి ఎన్ని రోజులు అడ్మిట్ చేయాలో కనుక్కున్నాడు. నన్ను అడగలేదు. ఊరించడానికి ఇంక నేనే మిగిలాను.

నవంబర్ 18, సోమవారం. మధ్యాహ్నం

కార్తీక సోమవారం. ఉపవాసం చెడింది. ఫీడ్ పోయలేదు. మంచానికి ఎదురుగా కుర్చీ వేసుకుని, హల్వా డబ్బా తెరిచి, ఆయన చూస్తుండగా ముక్క నోట్లో పెట్టుకున్నాను.

ఆయన కనుబొమలు లేచాయి. నా నోటినే చూశారు. గొంతుముడి పైకి లేచి కిందికి దిగింది. మళ్లీ లేచి, దిగింది. గడ్డం పొడిగా ఉంది.

తర్వాత ఎడమచెయ్యి చాపారు. డబ్బా వెనక్కి లాక్కున్నాను.

నా ముక్క ఇంకా నోట్లోనే ఉంది. దిగడం లేదు.