చెల్లి ఆల్బమ్‌కు బొట్టు

శనివారం రాత్రి, విన్నిపెగ్, కెనడా

చెల్లి వాణి ఈ సాయంత్రం తన కొత్త ఆల్బమ్ తెచ్చింది. గిటార్ పట్టుకుని ఇన్నేళ్లుగా తను రాసి పాడిన ఫోక్, కంట్రీ పాటల్లో మేలైనవన్నీ అందులో చేర్చారట. దేవుడి ముందు పెట్టమంది. అట్టమీద దాని ఫోటోకి, సరిగ్గా నుదుటనే కుంకుమ పెట్టాను.

"అక్కా, ప్లాస్టిక్ కవర్ తియ్యకుండానే బొట్టు పెట్టేశావే!" అని నవ్వింది.

ఇద్దరం అమ్మ దగ్గరే పాట నేర్చుకున్నాం. అప్పట్లో నా గొంతే బాగుందనేవారు. ఆ గొంతు పూజగది దాటలేదు.

"హారతి పాట నువ్వు పాడక్కా, నేను వింటా," అంది.

నేను కర్పూరం వెలిగించే పనిలో పడ్డాను. పాట తనే అందుకుంది. ఎంత బాగా పాడిందో! దాన్ని చల్లగా చూడమని దండం పెట్టుకున్నాను. కానీ స్వామీ, కళ్లు మూసుకుని ఆ పాట ఎప్పుడు అయిపోతుందా అనే ఎదురుచూశాను...