వేలెత్తితే గట్టిమేళం

బెజవాడ,
18-6-1963

మామయ్యకు మీ మేనల్లుడు సలాం చేసి రాసేది.

సీటొచ్చింది! ఈ మాట ముందే రాయకపోతే మిగతాది మీరు చదవరని తెలుసు.

"సంగీత కాలేజీవాళ్ళు సన్నాయివాణ్ణి గుమ్మం బయటే నిలబెడతార్రా" అన్నారు కదా. లోపలికి పిలిచి తివాచీ మీద కూర్చోబెట్టారు. ఎదురుగా ముగ్గురు పెద్దలు. మొదట వర్ణం వాయించమన్నారు, తర్వాత కల్యాణి ఆలపించమన్నారు. ఆలాపన మంచి పట్టులో ఉండగా మధ్యలో కూర్చున్నాయన చూపుడువేలు పైకెత్తారు. ఇక చాలు, ఆపమని. నాకేం తెలుసు? పెదకాకాని పెళ్ళిళ్ళలో పురోహితుడు వేలెత్తాడంటే తాళి కడుతున్నట్టే కదా! కల్యాణిని అక్కడే వదిలేసి, బుగ్గలు పగిలేలా గట్టిమేళం అందుకున్నాను. నా పక్కన తాళానికి కూర్చోబెట్టిన వాళ్ళ డోలు ఆయనకీ చెయ్యి ఆగలేదు. పక్క గదుల్లోవాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు.

సంగతి తెలిశాక నా పని అయిపోయిందనుకున్నాను. ఆ పెద్దాయన మాత్రం నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "పొద్దుటినుంచీ వేలెత్తుతున్నానయ్యా. ఎత్తాక కూడా ఇంత ఊపిరి మిగిలినవాడివి నువ్వొక్కడివే. ఎవరు నేర్పారు?" అన్నారు. మీ పేరు చెప్పాను. దరఖాస్తులో గురువు అన్నచోట ఆయనే తన చేత్తో 'కరీముల్లా గారు' అని రాశారు. గారు అని కూడా రాశారు, మామయ్యా!

సోమవారం నుంచే క్లాసులు. బుల్లయ్యగారమ్మాయి పెళ్ళికి మీతో వాయించడానికి రాలేను, కోప్పడకండి.

మన డోలు రంజాన్ బాబాయి అక్కడే ఉంటాడుగా. ఇది చదవగానే ఆయనకేసి చూసి ఒక్కసారి వేలెత్తండి.

మీ మేనల్లుడు